కంచె లేని యింట కుక్కను కట్టడిలో ఉంచుట

మన పల్లెలలో ఇంటి చుట్టు ప్రహరీగోడ గల కాపురములు తక్కువ. ముందు వాకిలి వీధిలో కలసియుండును. వెనుక పెరడు ప్రక్కవారి పెరటిలో కలసియుండును. పొలము గట్టున పాక వేసికొని యుండువారికి ఆ హద్దు కూడ ఉండదు. ఇట్టి యిండ్లలోనే కుక్క అవసరము హెచ్చు. కళ్ళములో ధాన్యమును, కొట్టములో పశువును, గంప క్రింద కోడిని రాత్రివేళ కాచునది కుక్కయే. కాని హద్దు లేని యింట కుక్కను పెంచుట ఎట్లో తెలిసికొనక, కొందరు దానిని పూర్తిగా వదలివేయుదురు. మరికొందరు మూడడుగుల గొలుసుతో గుంజకు బిగించి రాత్రింబవళ్ళు అట్లే ఉంచుదురు. ఈ రెండు పద్ధతులును నష్టకరములే.

వదలివేసిన కలుగు నష్టములు

పగలెల్ల మన యరుగు క్రింద సాధువుగా పండుకొను కుక్క రాత్రి నాలుగు వీధి కుక్కలతో కలసిన, దాని నడవడి మారిపోవును. ఒంటరిగా మేకపిల్లను తాకని కుక్క గుంపులో చేరిన పిమ్మట మంద మీద పడును. కుక్కల గుంపు గొర్రెలను ఆకలికై మాత్రమే చంపదు. పరుగెత్తు జీవమును తరుముటయే వాటికి వేట. అందుచే ఒక్క రాత్రిలో అనేక జీవములు గాయపడును. తెల్లవారిన తరువాత నెత్తురంటిన మూతితో కుక్క ఇంటికి వచ్చినచో, మందవాని నష్టమునకు జవాబు చెప్పవలసినది దాని యజమానియే.

కుక్కకును క్షేమము లేదు. రోడ్డు మీద బండ్ల క్రింద పడుట, ఎలుకల మందు తిన్న ఎలుకను తినుట సామాన్యము. కొన్నిచోట్ల అడవిపందుల కొరకు చట్టవిరుద్ధముగా పొలము చుట్టు కరెంటు తీగలు లాగుదురు. వాటికి తగిలి కుక్కలే కాక మనుష్యులును మరణించుచున్నారు.

అన్నిటికంటె పెద్ద ప్రమాదము పిచ్చికుక్క వ్యాధి, అనగా రేబిస్. ఊరి మీద తిరుగు కుక్కను వ్యాధి గల మరియొక కుక్క ఎప్పుడు కరచినదో యజమానికి తెలియదు. ఈ వ్యాధి లక్షణములు మనిషిలో బయటపడిన పిమ్మట ప్రాణము దక్కుట దాదాపు అసాధ్యము. ఇంటి పిల్లలు కుక్క మెడ చుట్టు చేతులు వేసి ఆడుకొందురు. దాని కాటు మొదట తగులునది వారికే.

పొట్టి గొలుసు వలన నష్టము

ఎప్పుడును కట్టియుంచిన కుక్క మంచి కావలి కుక్క కాదు. కదలిక లేక, మనుష్యుల సహవాసము లేక అది భయముతోను, కోపముతోను ఉండును. పారిపోవుటకు వీలులేని కుక్కకు తోచు ఉపాయము కరచుట ఒక్కటే. అట్టి కుక్క గొలుసు త్రెంపుకొన్న దినమున ఎదురుపడిన పిల్లవానిని విడువదు.

చట్టము కూడ ఇందుకు ఒప్పదు. 1960వ సంవత్సరపు జంతుహింస నివారణ చట్టము 11వ సెక్షను ప్రకారము, మితిమీరి పొట్టిదైన లేక బరువైన గొలుసుతో అకారణముగా చాలసేపు జంతువును కట్టియుంచుట నేరము. ఎల్లప్పుడు కట్టియుంచు కుక్కను తగినంత త్రిప్పకుండుటయు అదే సెక్షను క్రింద నేరము. మరొక వైపున, తన వద్దనున్న జంతువు వలన మనుష్యులకు ప్రాణాపాయము గాని తీవ్రగాయము గాని కలుగకుండ జాగ్రత్తపడని యజమానికి, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను క్రింద ఆరు నెలల వరకు ఖైదు, లేక 5,000 రూపాయల వరకు జుల్మానా, లేక రెండును విధింపవచ్చును. కనుక కుక్కను వదలివేయరాదు, హింసించి కట్టివేయనురాదు. ఈ రెంటికి నడుమ మార్గము కలదు.

మొదటి కట్టడి: తిండి, అలవాటు

కుక్క ఇల్లు విడిచి తిరుగుటకు మొదటి కారణము ఆకలి. మిగిలిన యన్నము ఉన్ననాడు వేసి, లేనినాడు మానినచో, అది కబేళా వెంటను చెత్తకుప్ప వెంటను పోవక తప్పదు. ఉదయము ఒకసారి, సాయంత్రము ఒకసారి, ఒకే వేళకు, ఒకే చోట, ఇంటివారే తిండి పెట్టవలెను. మంచినీటి తొట్టి ఎప్పుడును నీడలో నుండవలెను. తొట్టిని సగము నేలలో పాతినచో దొర్లిపోదు.

పిల్లగా నున్నప్పుడే హద్దు నేర్పవలెను. పదునైదడుగుల త్రాడు మెడపట్టీకి కట్టి, ఉదయము సాయంత్రము పదేసి నిమిషములు పెరటి హద్దు వెంబడి త్రిప్పవలెను. హద్దు దాటబోయినప్పుడు కొట్టక, పేరు పెట్టి పిలిచి, వెనుకకు రాగానే చిన్న ముద్ద పెట్టవలెను. కొన్ని వారములు విడువక చేసినచో చాల కుక్కలు హద్దును గుర్తించును. కాని ఈ అలవాటు కంచెతో సమానము కాదు. ఎదుట మేక పరుగెత్తినను, ఎదకు వచ్చిన ఆడకుక్క వాసన తగిలినను, నేర్చినదంతయు మరచును. అందుచే మనుష్యులు దగ్గర నున్నప్పుడు మాత్రమే దీనిని నమ్మవలెను.

మగకుక్కలు ఊరు విడిచి పోవుటకు ఎద కాలము ముఖ్య కారణము. సంతానము అక్కరలేని కుక్కకు పశువైద్యునిచే శస్త్రచికిత్స చేయించిన ఈ తిరుగుడు చాల తగ్గును. కావలి గుణము పోదు. శస్త్రచికిత్స చేయని ఆడకుక్క సాధారణముగా ఏడాదికి రెండుసార్లు ఎదకు వచ్చును. ఒక్కొక్కసారి సుమారు మూడు వారములు దానిని గదిలోనో దొడ్డిలోనో ఉంచవలెను. లేనిచో ఊరి కుక్కలన్నియు మీ వాకిట చేరును.

రెండవ కట్టడి: చిన్న దొడ్డి

ఇంటికంతటికి కంచె వేయు శక్తి లేకున్నను కుక్కకు మాత్రము చిన్న దొడ్డి వేయుట కష్టము కాదు. సామాన్యమైన నాటు కుక్కకు 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు గల దొడ్డి వేయవచ్చును. ఇనుప జల్లి మేలు. వెదురు దడి వేసినచో క్రింది మూడడుగులు దట్టముగా అల్లవలెను. కుక్క పైకి దూకుటకంటె క్రింద త్రవ్వుట హెచ్చు. కనుక దడి పొడవునను అడుగున్నర లోతు కాలువ తీసి, రాళ్ళు పరచి, మన్ను కూరవలెను. గడియ వెలుపలి వైపున నుండవలెను.

దొడ్డిని ఇంటికి గాని పెద్ద చెట్టుకు గాని తూర్పున వేసినచో మధ్యాహ్నపు నీడ దాని మీద పడును. మన ఎండకాలమున ఇది చిన్న విషయము కాదు. కుక్కకు ఒంటినిండ చెమట పోయదు. రొప్పుట చేతనే వేడిని తగ్గించుకొనును. నీడయు నీరును లేనిచోట బంధించిన కుక్క కొద్దిసేపటిలోనే వడదెబ్బ తగిలి చచ్చును. ఒక మూల తాటాకు కప్పును, వాననీరు చేరని ఎత్తు తిన్నెయు ఏర్పాటు చేయవలెను.

మూడవ కట్టడి: పరుగు తీగ

దొడ్డి కట్టలేనివారికి ఇది చౌకయైన ఉపాయము. రెండు గట్టి గుంజలను 40 అడుగుల దూరమున ఉత్తర దక్షిణములుగా పాతి, వాటి నడుమ 7 అడుగుల ఎత్తున లావుపాటి ఇనుప తీగను బిగించవలెను. బిగించుటకు ముందే తీగకు ఒక నున్నని ఇనుప కడియము తొడగవలెను. ఆ కడియమునుండి 8 అడుగుల తేలిక గొలుసు వ్రేలాడదీసి కుక్క పట్టీకి తగిలించవలెను. కుక్క నడచినకొలది కడియము తీగ మీద జారుచు వెంట వచ్చును.

ఈ కొలతలకు కారణము తెలిసికొనుట మంచిది. 7 అడుగుల ఎత్తున తీగ, 8 అడుగుల గొలుసు ఉన్నప్పుడు కుక్క సుఖముగ పండుకొనగలదు. తీగకు ఇరుప్రక్కల సుమారు ఆరేసి అడుగులు పోగలదు. గొలుసు ఇంకను పొడవైనచో కాళ్ళకు చుట్టుకొనును; పొట్టిదైనచో పండుకొనలేదు. కుక్క గుంజ చుట్టు తిరిగి చిక్కుకొనకుండ, ప్రతి గుంజకు 8 అడుగుల ఇవతల తీగకు అడ్డు బిగించి కడియము అచ్చట నిలుచునట్లు చేయవలెను. మిగిలిన 24 అడుగులు కుక్క తిరుగుటకు చాలును.

తీగకు ఇరువైపుల పదేసి అడుగులలో చెట్టు, మంచము, నాగలి, నూతి గట్టు, అరుగు, పిట్టగోడ ఏదియు ఉండరాదు. కట్టిన కుక్క గోడ దూకి అవతల వ్రేలాడి ఉరిపడి చచ్చుట కలదు. నడక దారి కూడ ఆ మేరలో నుండరాదు. నీడ కొరకు తీగకు పడమట, 10 అడుగులకు వెలుపల, చెట్టు ఉన్నచోటు చూచుకొనవలెను. పందిరి వేసినచో దాని గుంజలును ఆ మేరకు వెలుపలనే ఉండవలెను.

మరికొన్ని జాగ్రత్తలు:

1. మెడకు ఉచ్చు ముడి వేయరాదు. వెడల్పు పట్టీ కట్టి, పట్టీకి మెడకు నడుమ రెండు వ్రేళ్ళు దూరునట్లు చూడవలెను. పెరుగు పిల్లకు ప్రతి వారము పట్టీని సడలించి చూడవలెను.

2. పశువులను కట్టు బరువు గొలుసు పనికిరాదు. గొలుసు రెండు కొనలను మెలిక పడక తిరుగు కొక్కెములు ఉండవలెను.

3. కరెంటు స్తంభమునకు గాని, దాని ఊత తీగకు గాని, మోటారు కొట్టపు ఇనుమునకు గాని పరుగు తీగను ఎన్నటికిని కట్టరాదు.

4. ఉరుములు మెరుపులు గల వేళ, ఇంట ఎవరును లేని వేళ, కుక్కను తీగకు విడువరాదు. రాత్రి వసారాలోనో దొడ్డిలోనో ఉంచినను అలికిడికి మొరిగి యజమానిని లేపును. కావలికి అంతమాత్రము చాలును.

5. రెండు కుక్కలకు రెండు తీగలు వేయవలెను. ఒకదాని గొలుసు మరియొకదానికి అందరాదు.

6. తీగ ఉన్నను దినమునకు రెండుసార్లు త్రాడు పట్టి బయట త్రిప్పవలెను.

శాశ్వతమైన కట్టడి: సజీవ కంచె

పై యేర్పాటులతో కాలము గడుపుచు, తొలకరిలో సజీవ కంచె వేయుట రైతుకు తగిన పని. వాక మొక్కలు మెట్ట నేలలలో బాగుగ పెరుగును; ముళ్ళు దట్టము; కాయ పచ్చడికి వచ్చును. గచ్చ, కిత్తనార కూడ పనికివచ్చును. పశువును ఆపు కంచె కుక్కను ఆపదు. దాని తల దూరు సందు చాలును. అందుచే రెండడుగుల ఎడముతో రెండు వరుసలుగా, ఒక వరుస మొక్క రెండవ వరుస సందునకు ఎదురుగా వచ్చునట్లు నాటవలెను. పైకి ఎదుగనీయక చిన్ననాడే కొనలు కత్తిరించినచో మొదట కొమ్మలు వేసి దట్టమగును. కంచె కుదురుకొనువరకు అడుగుభాగమున ఎండు తుమ్మకంప అడ్డము వేయవలెను.

టీకాలు, పురుగుల మందు

ఎంత కట్టడి చేసినను టీకా మానరాదు. కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించి, పశువైద్యుడు చెప్పిన తేదీన రెండవ మోతాదు వేయించి, ఆపైన ప్రతి సంవత్సరము తప్పక వేయించవలెను. టీకా తేదీ గల కార్డును పట్టాదారు పుస్తకము వలె భద్రపరుపవలెను.

గొర్రెలు గలవారు ఇంకొకటి గమనించవలెను. గొర్రె మెదడులో నీటితిత్తి ఏర్పడి, అది ఒకే వైపునకు గుండ్రముగ తిరిగి చచ్చు వ్యాధి కలదు. ఆ తిత్తి గల తలను కుక్క తినిన, దాని ప్రేగులలో బద్దెపురుగు పెరుగును. దాని గ్రుడ్లు కుక్క మలముతో మేత మీద పడి తిరిగి గొర్రెకు చేరును. కాలేయము, ఊపిరితిత్తులలోని నీటితిత్తులును ఈ జాతివే. అవి కుక్క ద్వారా మనుష్యులకును సోకును. కావున కోసిన జీవముల తలలు, లోపలి భాగములు కుక్కకు పచ్చిగా వేయక లోతుగ పూడ్చవలెను. పశువైద్యుని సలహాతో బద్దెపురుగుల మందు క్రమముగా వేయించవలెను.

కాటు పడినచో

గాయమును వెంటనే ధారగా పడు నీటితో, సబ్బుతో 15 నిమిషములు కడుగవలెను. సున్నము, కారము, పసరు పెట్టరాదు. మంత్రమునకై పోయి కాలము వ్యర్థము చేయరాదు. ఆ దినముననే ప్రభుత్వ ఆసుపత్రికి పోవలెను. బొడ్డు చుట్టు 14 సూదులు పొడుతురను భయము పల్లెలలో ఇంకను కలదు. ఆ పాత మందు 2005 నుండి మన దేశమున వాడుకలో లేదు. నేటి టీకా భుజమునకే వేయుదురు. చర్మములో వేయు పద్ధతిలో మొదటి దినము, 3, 7, 28వ దినములలో వేయుదురు. లోతు గాయమునకు గాయములోనే వేయు మరియొక మందు కూడ కలదు. గాయము మానినదని నడుమ మోతాదు మానరాదు.

కరచినది ఇంటి కుక్కయైనచో దానిని చంపరాదు, తరిమివేయరాదు. 10 దినములు కట్టడిలో ఉంచి గమనించవలెను. అట్లని మనిషికి టీకా ఆ పది దినములు ఆపరాదు. కుక్క తిండి మానినను, చొంగ కార్చినను, నడక తప్పినను, దగ్గరకు పోక పశువైద్యునికి కబురు చేయవలెను.

గ్రామోద్యోగులకు మనవి

పంచాయతీ కార్యదర్శులు తమ గ్రామములోని పెంపుడు కుక్కల పట్టికను వ్రాసి, పశువైద్యశాల వారితో మాట్లాడి, ఏటేట ఒక దినమున అన్నిటికి టీకాలు వేయించిన మేలు. సెప్టెంబరు 28 ప్రపంచ రేబిస్ దినము. ఆ తేదీ ఇందుకు అనువైనది. మాంసము దుకాణముల వ్యర్థము వీధిలో పడకుండ చూచుటయు వారి చేతిలోని పనియే. వీధిలో తిండి దొరకినంతకాలము ఇంటి కుక్క ఇంట నిలువదు.

వేళకు తిండి, ఏటేట టీకా, పగలు పరుగు తీగ, రాత్రి దొడ్డి, కాలక్రమమున ముళ్ళ కంచె: ఈ అయిదును అమర్చిన యింట కుక్క కాపు కాయును గాని కీడు చేయదు. ఈ వారముననే మీ పెరటిని కొలిచి, రెండు గుంజలు పాతుటకు తగిన చోటు చూచుకొనుడు.