నామకరణమునకు ఇరువురి సమ్మతి

శిశువు జన్మించిన ఇంట సంతోషము వెంబడి తరచుగా ఒక చిన్న తగవు కూడ అడుగిడును. అది పేరును గూర్చిన తగవు. తండ్రి ఒక పేరు కోరును. తల్లి వేరొకటి కోరును. అవ్వతాతలు తమ తమ పెద్దల పేర్లను జ్ఞప్తికి దెత్తురు. కొన్ని ఇండ్లలో ఇది పది దినములలో చల్లారును. మరికొన్ని ఇండ్లలో బిడ్డ నడక నేర్చు వరకును 'పాప' అనియో 'బుజ్జి' అనియో పిలుపు సాగుచుండును, జనన పత్రములో పేరు వ్రాయవలసిన చోటు ఖాళీగనే నిలిచియుండును. ఇట్టి వేళ వీరశైవ గృహస్థులు దేనిని ప్రమాణముగ గొనవలెనో విచారించుట యీ పాఠము ఉద్దేశము.

నందికొట్కూరులో ఒక లింగాయతు కుటుంబమున ఆడుబిడ్డ జన్మించినదనుకొందము. తండ్రి తన తల్లి పేరైన 'సంగమ్మ' యను పేరే పెట్టవలెనని పట్టుబట్టెను. తల్లి ఆళ్లగడ్డ ఆడుపడుచు, చదువుకొన్నది. ఆమెకు 'శరణ్య' యను పేరు ఇష్టము. "బడిలో తోడిపిల్లలు వెక్కిరింతురు" అని ఆమె మాట. "మా అమ్మ పేరు వెక్కిరింతయైనదా?" అని అతని మాట. ఈ రెండు మాటలలోను పేరు కంటె పెద్దదొకటి దాగియున్నది. దానిని వెలికి దీసినగాని తగవు తీరదు.

ముందుగా సంగమ్మ యను పేరును చూతము. నందికొట్కూరు సీమకు చేరువనే సప్తనదీ సంగమమని పేరొందిన సంగమేశ్వరము కలదు. అచటి శివలింగము వేపకొయ్యతో చేసినదని ప్రసిద్ధి. శ్రీశైలము ఆనకట్ట కట్టిన పిదప ఆ క్షేత్రము ఏటేట నీట మునిగి, వేసవిలో నీరు తగ్గినపుడు మాత్రమే దర్శనమిచ్చుచున్నది. కృష్ణా తుంగభద్రల కలయికయందలి కూడవెల్లి సంగమేశ్వరాలయమును ముంపు తప్పించుటకై అలంపురమునకు తరలించిరి. రూపాల సంగమేశ్వరాలయమును కర్నూలు జగన్నాథగట్టుపై తిరిగి కట్టిరి. గుడులను రాయి రాయిగ విప్పి మోయవచ్చును. ఊళ్లనట్లు మోయుటకు వీలుగాలేదు. 1981 ప్రాంతమున కృష్ణ ఒడ్డు పల్లెలనేకము ఖాళీయైనవి. అట్టి పల్లెలో పుట్టి, పుట్టినిల్లు నీటి పాలుగాగా మెట్టినింట ముసలిదైన అవ్వకు ఆ ఊరి గురుతుగా మిగిలినది తన పేరొక్కటే. కొడుకు ఆ పేరును బిడ్డకు పెట్టవలెననుటలో ఈ భావమున్నదని కోడలికి ఎవరైన చెప్పియుందురా? చెప్పియుండరు. 'మా వంశాచారము' అని మాత్రమే చెప్పియుందురు.

ఇంకొక విశేషమున్నది. కన్నడ దేశమున కృష్ణా మలప్రభలు కలియు కూడలసంగమము బసవేశ్వరుని విద్యాభూమి, ఐక్యస్థలము. ఆయన వచనముల అంకితము కూడలసంగమ దేవునిదే. ఆ కృష్ణయే నందికొట్కూరు సీమ నంటి పారుచున్నది. కావున ఈ ప్రాంతమున సంగయ్య, సంగప్ప, సంగమ్మ యను పేర్లు ఏటి ఎగువను దిగువను గల రెండు సంగమములను ఒక్కసారి పలికించును. ఇది పాతబడిన పేరని తోచుటకు కారణము దాని చరిత్ర మరుగుపడుటయే.

ఇక శరణ్య. ఇది సినిమా పేరని అత్తవారు తీసివేయుదురు. అది సరికాదు. శరణ శబ్దమునకు య ప్రత్యయము చేరగా శరణ్య యైనది. ఆశ్రయమిచ్చుటకు తగినది యని అర్థము. శివభక్తులను శరణులనుట ఆ మూలమునుండియే. బసవేశ్వరుని కాలపు భక్తసమూహమంతయు ఆ మాటతోనే ప్రసిద్ధమైనది. ఈ పేరు కోరిన తల్లి తెలిసి కోరినను తెలియక కోరినను మతమునకు దూరముగ పోలేదు. ఆమె భయము వేరు. బిడ్డ ఎదిగి పట్టణములలో తిరుగునపుడు పల్లెపేరు వలన చిన్నబోవునేమోయని ఆమె భయము. తన చిన్ననాట తానే ఆ చిన్నతనమును పడియుండవచ్చును కూడ.

పేరు పెట్టు అధికారమెవరిది? లోకాచారమున తండ్రివైపు మాటదే పైచేయి. తెలుగు ఇండ్లలో పళ్లెరములోని బియ్యముపై తండ్రి పేరు వ్రాయును. కన్నడ లింగాయతు ఇండ్లలో సోదరత్త, అనగా తండ్రి తోబుట్టువు, బిడ్డ చెవిలో పేరు చెప్పును. రెండింటను తల్లి ప్రక్కన కూర్చుండి వినుటయే. ఈ ఆచారములు చూచుటకు ముచ్చటైనవి. వానిని తప్పుపట్టవలసిన పనిలేదు. కాని అవి ఆచారములే గాని ధర్మనిర్ణయములు గావు. శరణుల చరిత్రలను చూచిన వేరు విషయము తెలియును.

పాల్కురికి సోమనాథుని బసవపురాణము చదివినవారికి బసవేశ్వరుని జననకథ తెలియును. సంతానము లేని మాదాంబ నందికేశ్వరుని గూర్చి నోము పట్టెను. ఆ నోము ఫలముగ కలిగిన కుమారునికి బసవడను పేరు వచ్చెను. సంస్కృత వృషభ శబ్దమునకు తద్భవము 'బసవ', నందియే బసవడు. అనగా ఏ పేరును వీరశైవ లోకము దినదినమును స్మరించుచున్నదో, ఏ పేరు నందికొట్కూరు ఊరిపేరులోని నందిలోను, నంద్యాల చుట్టునున్న నవనందులలోను ధ్వనించుచున్నదో, ఆ పేరు తల్లి నోము నుండి పుట్టినది. తండ్రి మాదిరాజు వంశములోని ఏ తాత పేరో అది గాదు. పేరున తల్లికి మాట లేదనువారు ఈ కథను ఇంకొకసారి చదువవలెను.

బసవేశ్వరుని సోదరి అక్క నాగమ్మ కుమారుడు చన్నబసవడు. 'చన్న' యనగా సొగసైన, చక్కని యని అర్థము. ఆ బిడ్డకు పేరు మేనమామది; అది తల్లి పుట్టినింటి పేరు. ముందు ఒక విశేషణమును చేర్చుటచే మామ మామయే, అల్లుడు అల్లుడే యైరి. తరువాతి కాలమున మామ పేరు చాటున దాగక, షట్స్థల జ్ఞానియని చన్నబసవడు తన పేరుననే ప్రసిద్ధుడయ్యెను. పెద్దల పేరు పెట్టిన బిడ్డకు సొంత వ్యక్తిత్వముండదను నేటి శంకకు ఇది సమాధానము.

సొన్నలిగె సిద్ధరాముని కథ మరియొక తీరు. తల్లిదండ్రులు మొదట ఇంటిదేవర పేర ధూళిమాకాళుడని పిలిచిరనియు, రేవణసిద్ధుని మాటచే సిద్ధరాముడను పేరు స్థిరపడినదనియు చెప్పుదురు. ఇంటి పిలుపు ఒకటి, గురువు అనుగ్రహించిన పేరు ఇంకొకటి యుండుట శరణులకు క్రొత్తగాదు.

ఈ మూడు కథలలో పేరు ఒక చోట తల్లి నోమునుండి, ఒక చోట తల్లి పుట్టినింటినుండి, ఒక చోట గురుముఖమునుండి వచ్చినది. లింగధారణ పొందిన స్త్రీపురుషులకు దీక్షలో హెచ్చుతగ్గులు లేవని శరణుల బోధ. ఆ బోధను పీఠములపై విని ఇంటికి వచ్చి, పేరు మాట వచ్చునప్పటికి 'ఆడుదానికేమి తెలియును' అనుట పొసగదు. అదే విధముగ, పెంచునది తానే గాన పేరును తానొక్కతెయే నిర్ణయింతుననుటయు పొసగదు.

సామాన్యముగ మరువబడు విషయమొకటి: శరణుల పేర్ల చివర నుండునవి బంధుత్వపు మాటలు. బసవన్నలో అన్న, మాచయ్యలో అయ్య, నాగమ్మలో అమ్మ, మహాదేవికి ముందు అక్క. నేడు చాల ఇండ్లలో నాగరికత కొరకు ఈ అన్నను, అమ్మను కత్తిరించి వేయుచున్నారు. మూడేండ్ల బిడ్డను ఊరంతయు 'అమ్మ' యని చేర్చి పిలుచుటలోని మన్నన ఆ కత్తిరింపుతో పోవుచున్నది. శ్రీశైల మల్లికార్జునుడే ఈ దారిలో మల్లయ్య, మల్లన్న, మల్లేశు, మల్లప్ప యని పిలువబడుచున్నాడు. చెంచులకాయన చెంచు మల్లయ్య. ఉగాదికి కర్నూలు, నందికొట్కూరు, ఆత్మకూరుల మీదుగా కాలినడకన శ్రీశైలమునకు పోవు కన్నడ భక్తుల పిలుపులు వినినవారికి ఇది విశదమే. పిలుపు మారినంత మాత్రమున దేవుడు మారలేదు.

తిథి వార నక్షత్రములకు, సూతకములకు లింగధారి భయపడనక్కరలేదనునది బసవబోధ. కావున ఫలానా అక్షరముతోనే పేరు మొదలుకావలెనను నియమము లింగాయతు ఇంట తగవునకు కారణము కారాదు. సంఖ్యాశాస్త్రమని పేరుచెప్పి ఇంగ్లీషు అక్షరములను రెండు మూడు అధికముగ తగిలించు పద్ధతిని గూర్చి చెప్పనేల? ఆ అక్షరములు బిడ్డకు జీవితాంతము కార్యాలయములలో చిక్కులు తెచ్చును.

ఇక చట్టము మాట. 1969 నాటి జనన మరణముల రిజిస్ట్రేషను చట్టము ప్రకారము జననమును 21 దినములలోపల తెలుపవలెను. పేరు కుదరలేదని ఆ పనిని ఆపవలదు. పేరు లేకుండగనే జననము నమోదగును. 14వ సెక్షను ప్రకారము పేరును తరువాత చేర్పింపవచ్చును. పన్నెండు నెలలలోపల రుసుము లేదు. అటుపిమ్మట పదునైదేండ్ల వరకు ఆలస్య రుసుముతో చేర్తురు. ఇంత గడువున్నదని నిశ్చింతగ నుండరాదు. 2023 నాటి సవరణ ననుసరించి 2023 అక్టోబరు 1వ తేదీన గాని, ఆ తరువాత గాని పుట్టిన బిడ్డలకు బడిలో చేరుట మొదలు ఆధారు, ఉద్యోగము వరకు పుట్టిన తేదీకి, చోటికి జనన ధ్రువపత్రమే ఆధారము.

దంపతుల పంతము ఎంతవరకు పోవునో కేరళ హైకోర్టు 2023లో తీర్చిన ఒక వ్యాజ్యము తెలుపును. వేరుపడిన తల్లిదండ్రులు ఒక పేరునకు ఒప్పుకొనలేదు. బిడ్డ బడియీడునకు వచ్చెను; పేరు లేని పత్రమును బడివారు ఒప్పుకొనలేదు. తుదకు న్యాయస్థానమే బిడ్డకు సంరక్షక స్థానమున నిలిచి, తల్లి కోరిన పేరునకు తండ్రి పేరును జోడించి ఇచ్చెను. న్యాయమూర్తి చేసిన ఆ జోడింపును అవ్వయో, మఠమునుండి వచ్చిన అయ్యగారో పురుటి నాళ్లలోనే చేసియుండవచ్చును!

తెలుగునాట పుట్టిన వ్యాజ్యము మరియొకటి కలదు. భర్త మరణించిన తల్లి పునర్వివాహము చేసికొనగా, బిడ్డ ఇంటిపేరును గూర్చి తండ్రివైపు అవ్వతాతలతో వివాదము కలిగెను. చనిపోయిన తండ్రి ఇంటిపేరే ఉండవలెనని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆదేశించెను. 2022 జూలై 28న సుప్రీంకోర్టు దానిని త్రోసిపుచ్చి, సహజ సంరక్షకురాలైన తల్లికి బిడ్డ ఇంటిపేరును నిర్ణయించు హక్కున్నదని తీర్పు చెప్పెను. అది తల్లి యొక్కతెయే మిగిలిన సందర్భము. ఇరువురును ఉన్నచోట ఈ తీర్పును చూపి ఒకరినొకరు బెదిరించుకొనుట తగదు.

మరల నందికొట్కూరు బిడ్డ కడకు వత్తము. ఆ ఇంటికి వచ్చిన గురువు తానొక మూడవ పేరు చెప్పి ఇరువురినోళ్లను మూయింపరాదు. అది అప్పటికి అణచును గాని, చల్లార్చదు. మొదట కోడలు అత్తను ఆమె పుట్టిన ఊరిని గూర్చి అడుగవలెను. భర్త తన భార్యను ఆమె బడినాళ్లను గూర్చి అడుగవలెను. ఆ రెండు కథలు విన్న పిమ్మట పేరు తేలికగ కుదురును. చన్నబసవ యను మాటలోని జోడింపు వారికి దారి చూపగలదు: 'సంగమ శరణ్య' యనినచో అవ్వ పేరును నిలుచును, తల్లి కోరికయు నిలుచును. బడిలో శరణ్య, ఇంట సంగమ్మ. అయినను రెండుపేర్లు చాలును. రెండు వైపుల నలుగురు పెద్దల పేర్లను గుదిగ్రుచ్చి ఆరేడు మాటల దండ చేయుట బిడ్డకు బరువు. ఏ జోడింపునకును ఒకరు సమ్మతింపనిచో, ఈ బిడ్డకు ఒకరి మాట, మరుబిడ్డకు ఇంకొకరి మాట యని గురువు ఎదుట ఒప్పుకొనుటయు మంచి పద్ధతియే.

పేరు నిశ్చయమైన పిదప పల్లెలోనైన పంచాయతీ కార్యదర్శి కడకు, పట్టణములోనైన పురపాలక కార్యాలయమునకు దంపతులిరువురును కలిసి పోవలెను. పేరును తెలుగులోను ఇంగ్లీషులోను ఒక కాగితముపై ముందుగనే వ్రాసికొని, తల్లియు తండ్రియు దానిపై సంతకము చేసి ఇచ్చుట మేలు. పత్రము చేతికి వచ్చిన వెంటనే, ఆ కార్యాలయపు గడప దాటకముందే, అక్షరమక్షరము సరిచూచుకొనవలెను.