యుగంధర్, ఇమ్రాన్

అపరాధ పరిశోధక నవల యనగానే మనకు షెర్లాక్ హోమ్స్ స్ఫురించును. 1887లో కోనన్ డాయిల్ సృష్టించిన ఆంగ్ల పాత్ర యది. గోదావరిఖని కాలనీలలో ప్రక్కప్రక్క ఇండ్లలో వినవచ్చు తెలుగు, ఉర్దూ భాషల డిటెక్టివులు మాత్రము ఒకరి పాఠకులకు మరొకరు అపరిచితులు!

తెలుగున కొమ్మూరి సాంబశివరావు (1926–1994) సృష్టి డిటెక్టివ్ యుగంధర్. సహాయకుడు రాజు. ఆధారములు ఒక్కొక్కటిగా దొరకుచుండగా పాఠకుడును యుగంధర్‌తోపాటు ఆలోచించును.

ఉర్దూలో ఇబ్నె సఫీ (1928–1980) 1952లో అలహాబాదు నుండి ‘జాసూసీ దునియా’ ఆరంభించెను. ఫరీదీ, హమీదులు అందలి జంట. శృంగారము లేనిదే ఉర్దూ నవల అమ్ముడుపోదన్న వాదమునకు ప్రత్యుత్తరముగా ఆయన ఈ రచనకు పూనుకొనెను. డిటెక్టివ్ నవలలు చదువు చెరచునను పెద్దలు ఈ సంగతి గమనింతురు గాక.

ఆయన 1955లో సృష్టించిన ఇమ్రాన్ మాకు మరింత ప్రియుడు. పైకి వట్టి వెర్రివాడు. లోన రహస్య విభాగమునకు అధిపతియగు ‘ఎక్స్-టూ’. ఆ గుట్టు పాఠకుడెరుగును, ఇమ్రాన్ క్రింద పనిచేయువారే ఎరుగరు. యుగంధర్ నవలలో మనము రహస్యమును వెదకుదుము; ఇమ్రాన్ నవలలో రహస్యము దాచుటలో భాగస్వాములమగుదుము. రెండవ రుచి తెలుగు పాఠకునకు క్రొత్త.

ఒక ఉర్దూ విద్యార్థి ఇమ్రాన్ కథ చెప్పగా తెలుగు విద్యార్థి సంగ్రహముగా వ్రాయవలె. యుగంధర్ కథ అటులే ఉర్దూలోనికి పోవలె. అందులకు రాబోవు సంచికలో నాలుగు పుటలు కేటాయింపుడని కళాశాల సంఘమును కోరుచున్నాము.