తుపాను దినములలో పౌలు విశ్వాసము
(అపొ. కార్యములు 27వ అధ్యాయము)



కార్తికము వచ్చునప్పటికి తీరమందున్న మన కన్నులు సముద్రముపైనే యుండును. రేడియోలోనో ఫోనులోనో వాయుగుండమను మాట వినబడగానే గుండె జారును. 1977 నవంబరు 19న దివిసీమలో వేలాదిమంది చనిపోయిన సంగతి మన పెద్దలు మరువలేదు. నాడు గాలికంటె ఉప్పెనయే ఎక్కువమందిని పొట్టనబెట్టుకొనెను.

పౌలు ఓడ ప్రయాణమును చూడుడి. ఉపవాసదినము అప్పటికే గతించెను. అనగా ఇంచుమించు మనకు తుపానులు వచ్చు మాసములే. ప్రయాణము హానికరమని అతడు చెప్పినను శతాధిపతి ఓడ యజమానుని మాటనే నమ్మెను. (సొమ్ముగలవాని మాటకు విలువ యెక్కువ, నేటికిని అంతే.) పిమ్మట తుపానులో, ఓడకే గాని ప్రాణములకు నష్టము లేదని దేవదూత పౌలుకు తెలిపెను. అయినను నావికులు పడవ దించి పారిపోజూడగా, వారు వెళ్లినచో ఎవరును బ్రతుకరని హెచ్చరించినవాడు ఆ పౌలే. వాగ్దానము పొందినవాడే ఓడ నడుపు చేతులు కావలెననెను. ఓడలోని 276 మందిని భోజనము చేయుడని బ్రతిమాలెను కూడ.

"ప్రార్థించితిమి, ఇల్లు విడువము" అని మనలో కొందరనుచున్నారు. మేమును ఒకప్పుడు అట్లే తలంచితిమి. గొడ్డును, వలను విడుచుట కష్టమే. ఆ ఓడవారును గోధుమలను సముద్రములో పారబోసిరి.

కాబట్టి పదవ నంబరు ప్రమాద సూచిక ఎగురువరకు ఆగవద్దు. అధికారులు కదలుడనగానే, పగటివేళనే, కడుపునిండ తిని తుపాను షెల్టరుకు పోవుదము. నడువలేని వృద్ధులున్న ఇండ్ల పేర్లను ఈ ఆదివారము ఆరాధన పిమ్మట సంఘపెద్దలకు చెప్పుడి.