బొమ్మ చూస్తూ వుంటే చెయ్యి తడబడుతుందా?

ఇంట్లో చకచకా చేసిన లెక్క, తరగతిలో నల్లబల్ల ముందు నిలబడేసరికి మరచిపోవడం మీలో చాలామందికి అనుభవమే. "వీడికి లెక్కలు రావు" అని పెద్దలు తేల్చేస్తారు. తొందరపాటు తీర్పు! అదే పిల్లవాడు చుట్టూ జనం మూగితే కబడ్డీ కూతకు రెట్టింపు హుషారుగా వెళతాడు. చూసేవాళ్లు ఒకచోట మేలు, మరొకచోట కీడు చేస్తున్నారన్నమాట. ఎందుకని?

1898లో నార్మన్ ట్రిప్లెట్ అనే అమెరికన్ సైకిల్ పందాల వివరాలు పరిశీలించాడు. ఒంటరిగా తొక్కేవారి కన్నా పక్కన మరొకరు తొక్కుతున్నవారి వేగం ఎక్కువగా వుంది. అయితే కొన్ని పనుల్లో తోడు వుంటే పని చెడింది. ఈ చిక్కుముడిని 1965లో రాబర్ట్ జాయన్స్ విప్పాడు. ఇతరులు దగ్గర వుంటే మనలో ఉత్తేజం పెరుగుతుంది. అప్పుడు బాగా అలవాటైన చర్యే ముందుకు వస్తుంది. సులువైన పనిలో ఆ అలవాటు సరైనదే కాబట్టి పని త్వరగా అవుతుంది. కొత్త పనిలో మొదట తట్టేది తరచు తప్పే!

1969లో ఆయన బృందం దీన్ని బొద్దింకల మీద పరీక్షించింది. వెలుతురు పడితే బొద్దింక చీకటిలోకి పరుగెత్తుతుంది గదా. తోటి బొద్దింకలు 'ప్రేక్షకులు'గా వున్నప్పుడు తిన్నని దారిలో వేగంగా పోయింది. మలుపున్న దారిలో ఆలస్యం చేసింది. దానికి మార్కుల భయం లేదు, సిగ్గూ లేదు!

మరి చూసేది ప్రాణం లేని కంప్యూటర్ బొమ్మ అయితే? 2007లో పార్క్, కాట్రంబోన్ అనే పరిశోధకులు కొందరికి పదాల చిక్కుముడులు, దారులు కనుక్కునే పజిళ్లు, లెక్కలు ఇచ్చారు. ఒంటరిగా, మనిషి సమక్షంలో, తెర మీది మనిషి బొమ్మ సమక్షంలో చేయించారు. బొమ్మ వున్నప్పుడు సులువైనవి ఒంటరిగా చేసినప్పటి కన్నా మెరుగయ్యాయి, కష్టమైనవి దెబ్బతిన్నాయి. అచ్చం మనిషి వున్నట్టే!

అయితే తొందరపడకండి. 2003లో హోయిట్, బ్లాస్కోవిచ్, స్విన్త్ జరిపిన ప్రయోగంలో, బొమ్మల్ని ఆడించేది నిజమైన మనుషులే అని నమ్మినవారు కొత్త పనిలో వెనకబడ్డారు. కంప్యూటరే ఆడిస్తోందని చెప్పినప్పుడు అంత తేడా రాలేదు. కనుక బొమ్మ రూపమా, దాని వెనక ఎవరో వున్నారన్న నమ్మకమా, ఏది మనల్ని కదిలిస్తోంది? ఒక్క మాటలో తేలే విషయం కాదు. తెర మీది బొమ్మలు పాఠాలు చెబుతున్న ఈ రోజుల్లో ఇది మీకు సంబంధించిన ప్రశ్నే.

మీరూ పరీక్షించండి. మూడేసి సంఖ్యలు తీసుకోండి: 8, 2, 3. మొదటి దానిలోంచి రెండోది తీసివేసి, వచ్చినదాన్ని మూడోదానితో భాగించాలి. శేషం లేకపోతే 'నిజం', వుంటే 'అబద్ధం'. 8 - 2 = 6; 3తో సరిగ్గా పోతుంది, నిజం. ఇది సులువు. 74, 38, 7 అయితే? 36 వస్తుంది, 7తో భాగిస్తే 1 మిగులుతుంది, అబద్ధం. సులువైనవి ఇరవై, కష్టమైనవి ఇరవై రాసుకుని, ఒంటరిగా ఒకసారి, మిత్రుడు చూస్తుండగా ఒకసారి, తెర మీద కదిలే బొమ్మ ఎదురుగా ఒకసారి చేయండి. ప్రతిసారీ సంఖ్యలు మార్చండి. కాలమూ, తప్పులూ రెండూ రాసుకోండి. ఒక జాగ్రత్త: చేసిన కొద్దీ చేతికి వేగం వస్తుంది. అందువల్ల కొందరు ఒంటరిగా, కొందరు మిత్రునితో, కొందరు బొమ్మతో మొదలుపెట్టాలి. లేకపోతే అలవాటు వల్ల వచ్చిన వేగాన్ని బొమ్మ ఖాతాలో వేస్తారు!