పైసలు ఎవరిస్తరు?

2010 నాటి మాట. మహబూబ్‌నగర్ జిల్లాలో ఓ ఊరు. కోడలికి కడుపులో నొప్పి. తెల్లబట్ట కూడా అవుతోంది. టౌనులో ప్రైవేటు ఆస్పత్రికి పోయింది.

"గర్భసంచి తీసెయ్యాలమ్మా. కార్డు ఉంది కదా, నీకు పైసా ఖర్చు లేదు" అన్నాడు డాక్టరు.

ఇంటికొచ్చి అత్తకు చెప్పింది.

"నువ్వు ఇయ్యకుంటే ఆయనకు పైసలు ఎవరిస్తరు బిడ్డా?" అని అడిగింది అత్త.

అడగవలసిన మాటే. పైసలు సర్కారు ఇస్తుంది. అది ఆరోగ్యశ్రీ పథకం. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. తర్వాత రాష్ట్రమంతా వచ్చింది. సొమ్ము సర్కారుది. వైద్యం ఎక్కువగా ప్రైవేటు ఆస్పత్రులది. పొత్తు సేద్యం లాంటిదే.

మేలు జరగలేదా? జరిగింది. గుండె జబ్బుతో పుట్టిన పిల్లలకు ఆపరేషన్లు అయ్యాయి. ఎన్నో ఇళ్లకు అప్పు తప్పింది.

కానీ పొత్తులో లెక్క చూసుకోవాలి. ఒక్కో ఆపరేషన్‌కు ఒక్కో రేటు. కోస్తే ఆస్పత్రికి పైసలు. గోలీలిచ్చి పంపితే ఏమీ రాదు. దాంతో అక్కరలేకున్నా గర్భసంచులు తీస్తున్నారని గొడవ లేచింది. 2015-16 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి దాదాపు 9 మందికి గర్భసంచి తీసేశారు. దేశం మొత్తంలో చూస్తే నూటికి 3 మందికే. వీరిలో అప్పు తెచ్చి చేయించుకున్నవారూ ఉన్నారు. నింద అంతా కార్డు మీద వేయలేం.

గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీస్తే ఎముకలు త్వరగా బలం తగ్గుతాయి. కూలికి పోయే మనిషికి అది చిన్న కష్టమా?

ఇంకో సంగతి. ఖజానా ఒక్కటే. బయటికి పోయిన రూపాయి సర్కారు దవాఖానలో మందులకు, నర్సు జీతానికి రాదు. మందులు లేకుంటే జనం పోరు. మామూలు జ్వరం, రక్తం తక్కువ కావడం అప్పుడు ఆరోగ్యశ్రీలో లేవు. పేదలకు ఎక్కువగా వచ్చేవి అవే. వాటికి ఆ దవాఖానే దిక్కు.

2011లో గర్భసంచి ఆపరేషన్‌ను ఆరోగ్యశ్రీ కింద సర్కారు ఆస్పత్రులకే ఉంచారు. అవి ఆపరేషన్ చేస్తే వాటికీ ఆరోగ్యశ్రీ పైసలు వస్తాయి.

అత్తాకోడళ్లు జిల్లా ఆస్పత్రికి పోయారు. వరుసలో పొద్దంతా నిలబడ్డారు. లేడీ డాక్టరు పరీక్ష చేసి, "పుండు పడింది. గోలీలతో తగ్గుతుంది. మీ ఆయన కూడా మింగాలి" అన్నది.

ఏ గోలీ ఎప్పుడు మింగాలో కోడలు చీటీ మీద తెలుగులో రాయించుకున్నది. బస్సులో కూడబలుక్కుంటూ అత్తకు చదివి వినిపించింది.