బోరు నీటికి తగిన చేపలు

మా కుందుర్పి వైపు బోరు నీటిలో సబ్బుకు నురగ సరిగా రాదు. నీళ్ళు కాచిన గిన్నెకు తెల్లని పెచ్చు కడుతుంది. రాళ్ళ నుండి కరిగివచ్చిన కాల్షియం, మెగ్నీషియం లవణాలే ఇందుకు కారణం. దీనినే కఠిన జలం అంటాము.

మా విద్యార్థి ఒకడు పట్నం నుండి నియాన్ టెట్రాలను తెచ్చి, తిన్నగా ఈ నీటిలో వదిలాడు. నాలుగు రోజుల్లో అన్నీ చచ్చిపోయాయి. ఆ చేపల పుట్టినిల్లు అమెజాన్ నదీ ప్రాంతం. అక్కడి నీటిలో లవణాలు అతి స్వల్పం. నీరు హఠాత్తుగా మారితే చేప ఒంటిలోని లవణాల సమతౌల్యం చెడుతుంది.

వాన నీరు కలిపి కాఠిన్యాన్ని తగ్గించవచ్చు. కాని మన వైపు వాన కోసం చేపలు ఎన్నాళ్ళు కాచుకోవాలి? గప్పీలకు, మోలీలకు కఠిన జలమే హితవు; వాటినే తెచ్చుకోండి. తెచ్చిన సంచిలో మన నీటిని అరగంట పాటు కొద్దికొద్దిగా కలిపి, ఆ తర్వాతనే తొట్టిలోకి వదలండి.