షిఫ్ట్ మారినా వరుస మారొద్దు



గీత ఆరో అధ్యాయం, 16, 17 శ్లోకాల్లో కృష్ణుడు చెప్పింది చాలా సూటిగా ఉంటుంది. అతిగా తినేవాడికి, అసలు తిననివాడికి, అతిగా నిద్రపోయేవాడికి, ఎప్పుడూ మేలుకునే ఉండేవాడికి యోగం కుదరదు. తిండి, తిరుగుడు, పని, నిద్ర అన్నీ తగినంత ఉంటేనే దుఃఖం తగ్గుతుంది. ఆ "తగినంత" అనే మాటని నేను పట్టించుకోక దెబ్బతిన్నా.

నేను ఉండేది బీరంగూడలో, చేసేది సాఫ్ట్‌వేర్. సపోర్ట్ టీమ్‌లో పడ్డాక అర్ధరాత్రి కాల్స్, గుండె దడ, ఇంట్లో ఊరికే చిరాకు. దీన్ని సరిచేద్దామని 41 రోజుల దీక్ష పెట్టుకున్నా. పొద్దున నాలుగింటికి లేవాలి, గంట జపం, గంట యోగా. తొమ్మిదో రోజు రిలీజ్ పడి తెల్లారేదాకా పనే. దీక్ష తప్పింది. "దేవుడి దగ్గర కూడా ఫెయిలయ్యా" అనే బాధ కొత్తగా చేరింది.

మా పక్కింటి అంకుల్ పాశమైలారంలో ఫ్యాక్టరీ పని చేస్తారు. ఒక వారం ఏ షిఫ్ట్, ఒక వారం బీ, ఒక వారం సీ. ఎలా తట్టుకుంటున్నారని అడిగితే ఇలా అన్నారు: "టైం మన చేతుల లేదు బిడ్డా. వరుస ఉంది. ఎప్పుడు డ్యూటీ దిగినా స్నానం, దీపం, బువ్వ, నిద్ర. గంతే."

నాకు అక్కడ వెలిగింది. రొటీన్‌ని గడియారానికి కడితే షిఫ్ట్ మారగానే తెగుతుంది. ఒక పని వెనక ఇంకో పనిగా కడితే నిలుస్తుంది. ఇప్పుడు నా వరుస ఇది:

1. లేవగానే, ఫోన్ ముట్టుకోకముందే 11 సార్లు నామం. శ్వాస పీల్చేదానికంటే నెమ్మదిగా వదలాలి. బాగా అలసిన రోజు మూడుసార్లే. సున్నా మాత్రం వద్దు.

2. ఎప్పుడు పడుకున్నా ఏడు గంటల నిద్ర. పగటి నిద్రయితే కిటికీకి మందం కర్టెన్. పడుకునే ఆరు గంటల ముందే చివరి టీ, ఎందుకంటే కెఫీన్ ఒంట్లో గంటల తరబడి ఉంటుంది.

3. పని ముగిశాక పది నిమిషాల నడక. ఆ తర్వాతే ఇంట్లోవాళ్లతో మాటలు.

4. వారానికోసారి గుట్ట మీద మల్లన్న దర్శనం, అక్కడే ఒక దోస్త్‌తో మనసులో ఉన్నది దాచకుండా చెప్పుకోవడం.

ఒక మాట. పని మోతే ఎక్కువైతే జపం దానికి బదులు కాదు. నేను మేనేజర్‌ని అడిగి నైట్ కాల్స్ వంతులు వేయించుకున్నా. అడగడానికి భయపడ్డా, కానీ అడిగా.

ఇంకో మాట. రెండు వారాలుగా నిద్ర, ఆకలి పోయి, దేని మీదా మనసు లేకపోతే డాక్టర్‌ని కలవండి. చచ్చిపోవాలనే ఆలోచన వస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు. 14416 టెలి మానస్ నంబర్. 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మనం జోకులేసే ఎర్రగడ్డలో ఉన్నది కూడా ప్రభుత్వ మానసిక చికిత్సాలయమే. అక్కడికి వెళ్లడం సిగ్గుపడే పని కాదు.

గీత మొదటి అధ్యాయం పేరే అర్జున విషాద యోగం. అంతటి వీరుడు గాండీవం వదిలేసి కూలబడ్డాడు, తన బాధని నోరు తెరిచి చెప్పాడు. చెప్పాడు కాబట్టే మనకి గీత దొరికింది.

ఈ వారం ఆ నాలుగింటిలో ఒక్కటే మొదలుపెట్టండి. జై శ్రీకృష్ణ!